వాయిదా అంటే మాట



నా దగ్గర తెలుగు చదివిన ఒక పిల్లవాడు పెరిగి న్యాయవాది అయినాడు. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల – మూడు చోట్లా కోర్టులకు పోతాడు. జూనియరు లేడు, గుమాస్తా లేడు. దావా వ్రాయడం మొదలు నకళ్ల దరఖాస్తు దాకా అంతా తానొక్కడే. మా సంజామలలో ఎవరికి గట్టు తగాదా వచ్చినా, భాగాల పేచీ వచ్చినా నేనొక చీటీ వ్రాసి అతని దగ్గరకు పంపేవాణ్ణి. శిష్యుని వృద్ధి చూసి మురిసిపోవడం నా బలహీనత. అయ్యవారి చీటీ తెచ్చినవారిని కాదనలేకపోవడం అతని బలహీనత.

అట్లా పంపినవారిలో మా వీధిలోని ఒక వితంతువు ఉన్నది. రెండెకరాల నల్లరేగడి పొలం విషయమై ఆమెపై దావా పడింది. "నువ్వు రానక్కరలేదమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడతడు. ఆ దినమే మరొక ఊరి కోర్టులో ఇంకొక కేసు సాక్షుల విచారణ. అతడు అక్కడ ఉండగా ఇక్కడ ఆమె పేరు పిలిచారు. పలికినవారు లేరు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది.

ఆ రాత్రి మా ఇంటికి వచ్చి డైరీ నా ముందు పెట్టినాడు. ఒకే తేదీ కింద మూడు ఊళ్లు, ఏడు కేసులు. "ఎవరినీ కాదనలేకపోయినాను అయ్యవారూ" అన్నాడు. నేనేమీ అనలేదు. డెబ్భై వ్యాసాల పుస్తకాలు ఒక్క రాత్రిలో దిద్దవలసి వచ్చినప్పుడు చివరి ఇరవైకీ చదవకుండానే సంతకం పెట్టిన చేతులు నావి.

వాయిదా అంటే పనిని వెనుకకు నెట్టడమని మనం అనుకుంటాం. ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ అరబ్బీ మాటకు మూలార్థం వాగ్దానం. వకాల్తా కూడా అటునుండి వచ్చినదే. అప్పగింత అని దాని భావం. ఒకే ఉదయానికి మూడు ఊళ్లలో మాట ఇచ్చినవాడు ఎంత నిజాయితీపరుడైనా రెండు ఊళ్లలో మాట తప్పక తప్పదు. వకీలు మరొక కోర్టులో ఉన్నాడన్నది వాయిదాకు కారణం కాదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 1976 సవరణ చేర్చింది. ఇన్ని కేసులకు మించి పట్టరాదన్న సంఖ్య మాత్రం బార్ కౌన్సిల్ నియమాలలో లేదు. ఆ గీత ఎవరికి వారే గీసుకోవాలి.

డిక్రీ రద్దుకు గడువు 30 దినాలు. అతడు గడువులోగా పిటిషను వేసినాడు, ఖర్చులు తానే కట్టినాడు. దావా మళ్లీ విచారణకు వచ్చింది. తరువాత గీత గీసుకున్నాడు: ఒక దినానికి ఒకే ఊరు, వారానికి రెండే సాక్షుల విచారణలు, ఒక పాత కేసు ముగిస్తేనే ఒక కొత్త వకాల్తా. మిగిలినవారిని తోటి వకీళ్ల దగ్గరకు పంపుతాడు. స్త్రీలైతే, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉందని చెబుతాడు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆమెకు చీటీ బదులు ఆ దారి చూపేవాణ్ణి.

మొన్న ఒక రైతు చీటీ అడిగినాడు. వ్రాసి ఇచ్చినాను, చివర ఒక వాక్యం చేర్చి: "నాయనా, చేతిలో ఖాళీ లేకపోతే లేదని చెప్పు. నేనేమీ అనుకోను."

సాయంత్రానికి రైతు తిరిగి వచ్చినాడు. లేదన్నాడట. నాకు కొంచెం చివుక్కుమన్నది. ఆ వెంటనే, వాడు నా శిష్యుడేనని సంతోషమూ కలిగింది.