పరీక్ష పాసయ్యాక

1817లో మద్రాసులో దిగేనాటికి సి.పి. బ్రౌన్‌కు తెలుగు అక్షరం రాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో దేశభాష పరీక్ష తప్పదు కాబట్టి నేర్చుకున్నాడు, గట్టెక్కాడు, 1820లో కడపకు వచ్చాడు. అంతటితో ఊరుకున్నా జీతానికి లోటుండేది కాదు. ఊరుకున్న దొరలూ ఉన్నారు.

ఆయన మాత్రం అసలు చదువు ఆ తర్వాతే మొదలుపెట్టాడు. కడప ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, పండితులను, లేఖకులను పెట్టుకుని, సొంత డబ్బుతో వాళ్లకు జీతాలిచ్చాడు. ఒక కావ్యం చేపడితే ఊరూరి నుంచీ దాని ప్రతులు తెప్పించేవాడు. తాటాకు మీద ఒక్కో లేఖకుడు ఒక్కో తప్పు దొర్లించి ఉంటాడు. వాటన్నిటినీ ఎదురెదురుగా పెట్టి, ఎక్కడెక్కడ పాఠం మారిందో గుర్తించి, ఏది నిలుస్తుందో జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులతో కూర్చుని తేల్చుకునేవాడు. కచేరీలో హోదా ఆయనది, ఆ బల్ల దగ్గర పెద్దరికం వాళ్లది. అధికారంలో ఉన్నవాడికి అలా కూర్చోవడం ఎంత కష్టమో ఉద్యోగం చేసినవాళ్లకు తెలుసు.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది వేమన సంగతి. 1829లో 693 పద్యాలు అచ్చు వేయించాడు. ఆ పుస్తకం ఒక్కటే ఆయన పేరు నిలబెట్టేది. కానీ పని అయిపోయిందనుకోలేదు, వెతుకుతూనే ఉన్నాడు. 1839లో మళ్లీ అచ్చు వేసేసరికి పద్యాలు 1164 అయ్యాయి. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. కచేరీ కాగితాల్లో కలిసిపోయిన ఫారసీ, హిందుస్తానీ మాటలను వదిలేయకుండా, వాటికోసం 1854లో వేరే నిఘంటువే వేశాడు. తన బల్ల మీదికి రోజూ వచ్చే అర్జీలు కూడా ఆయనకు పాఠాలే.

ఆయన తీరుకు భిన్నంగా, ఇవాళ కడపలోనైనా కర్నూలులోనైనా ఆఫీసుల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది: "ఈ వయసులో నాకేమొస్తాదిలే సామీ." ఫైళ్లు కంప్యూటర్‌కెక్కినప్పుడు ఇది మరీ ఎక్కువైంది. రికార్డు గదిలో ఏ కాగితం ఎక్కడుందో చీకట్లోనైనా తీసివ్వగల సీనియర్ అసిస్టెంటు, పాస్‌వర్డు అడిగే పెట్టె కనబడగానే కుర్చీ వెనక్కి జరుపుతాడు. ఆయనకు తెలివి లేక కాదు. కొత్తగా చేరిన అమ్మాయిని నలుగురి ముందు అడగడం నామోషీ. ఆ అమ్మాయికేమో పాత అడంగల్ చదవడం రాదు, అడిగితే కసురుతారని భయం. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరి విద్య ఒకరికి అందకుండా రోజులు గడిపేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

మనసు మార్చుకోండని వాళ్లిద్దరికే చెప్పి చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. బ్రౌన్ పండితులకు జీతమిచ్చి కూర్చోబెట్టుకోగలిగాడు, చిరుద్యోగికి ఆ వీలెక్కడిది? అర్జీల రద్దీ తగ్గిన వేళ చూసి, పై అధికారి ఆ ఇద్దరి కుర్చీలూ ఒకే బల్ల దగ్గర వేయించాలి. నేర్చుకుంటూ చేసిన తప్పుకు మెమో ఇవ్వకూడదు. ముందుగా తనకు రానిదేదో తానే వాళ్లను అడగాలి.