అట్టముక్క మీద ఆయిల్ చుక్క

ఇల్లందులో నల్ల మరక ఎవరినీ ఆశ్చర్యపరచదు. రోడ్డు అంచున బొగ్గు పొడి. గోడల మీద బొగ్గు పొడి. ఆరేసిన తెల్ల పంచెని దులిపితే రాలేదీ అదే. ఊరికి బొగ్గుట్ట అని ఇంకో పేరు ఊరికే రాలేదు మరి! అలాంటి చోట టీ కొట్టు ముందు ఆగిన కొత్త కారు కింద రూపాయి బిళ్లంత మరక పడితే పట్టించుకునేదెవరు?

పట్టించుకునేవాళ్లు ఉన్నారు. లారీలూ ట్రాక్టర్లూ ఆటోల కింద పడుకుని చేతులు నలుపు చేసుకున్న మేస్త్రీలు. వాళ్లకు ఏ మరక బొగ్గుదో, ఏది ఇంజిన్‌దో దూరం నుంచే తెలిసిపోతుంది. బొగ్గు పొడి గాలికి లేస్తుంది. ఆయిల్ మీద పడ్డ బొగ్గు పొడి లేవదు, అక్కడే గడ్డ కడుతుంది. ‘ఇంజిన్‌లో లీకు ఎక్కడుందో వెతకడానికి వేరే ఊళ్లో పౌడర్లు చల్లాలి. మాకు ఆ ఖర్చు లేదు, దుమ్మే చూపిస్తది’ అన్నది ఇక్కడి షెడ్లలో నవ్వుతూ అనే మాట.

ఈ దుమ్ముకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. భద్రాచలం కాలినడకన వెళ్లే యాత్రికులు వంట కోసం పొయ్యి పెట్టుకుంటే కట్టెలతో పాటు పొయ్యి రాళ్లూ అంటుకున్నాయని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇక్కడి నేలలో బొగ్గుందని తేల్చింది 1871లో. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది. 1889 నాటికి బొగ్గు బయటికి రావడం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే చిన్న పల్లె పేరే 1920లో కంపెనీ పేరైంది. గోదావరి లోయ పొడవునా ఎన్ని గనులు వచ్చినా, ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉన్నా, పుట్టిల్లు మాత్రం ఇదే. ఖమ్మం జిల్లాలో ఉండే ఇల్లందు 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. రైల్వే వాళ్లు మాత్రం ఇక్కడి స్టేషన్‌ని ఇప్పటికీ సింగరేణి కాలరీస్ అనే పిలుస్తారు.

బొగ్గు ఉన్నచోట బండ్లుంటాయి. బండ్లున్నచోట ఆయిల్ కారుతుంది. టేకులపల్లి వైపు కోయగూడెం ఓపెన్‌కాస్టు, ఊరి దగ్గర జేకే ఓపెన్‌కాస్టు. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద గుంతలకూ దుమ్ముకూ లోటు లేదు. ఇటు గుండాల వైపు తిరిగితే అడవి. అటు బయ్యారం వైపు ఇనుప రాతి గుట్టలు. నిన్నమొన్నటి దాకా ఈ రోడ్ల మీద జీపులూ లారీలూ ఆర్టీసీ బస్సులే. ఇప్పుడు కార్లు పెరిగాయి. అందులోనూ టర్బో కార్లు, కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయే రకం. వరంగల్ వైపు నుంచి మహబూబాబాద్, బయ్యారం మీదుగా భద్రాచలం పోయేవాళ్లు ఇల్లందులో టీకి ఆగుతారు. ఆగినప్పుడే మరక కనబడుతుంది!

షెడ్లలో వినిపించే అలాంటి కథలన్నిటినీ కలిపి ఒక్క కారుగా చూస్తే ఇలా ఉంటుంది.

శ్రీరామనవమికి ముందు రోజు. హన్మకొండ నుంచి బయల్దేరిన కుటుంబం. కొడుకు, కోడలు, పదేళ్ల మనవడు, వెనక సీట్లో నాయనమ్మ. కారు కొని రెండు నెలలు. నెలనెలా జీతంలో సగం దాని వాయిదాకే పోతుంది. వారం కిందటే మొదటి సర్వీసు చేయించారు. టీ తాగి వచ్చి తలుపు తీయబోతుంటే మనవడు వంగి చూశాడు. ‘నాన్నా, కింద ఏదో కారుతోంది.’

‘ఏసీ నీళ్లురా’ అన్నాడు తండ్రి. అందరూ మొదట అనేది అదే. ఏసీ నీళ్లయితే మంచిదే. చల్లగా, రంగూ వాసనా లేకుండా ఉంటాయి, వేలికి జిగురు తగలదు. ఇది తగిలింది. తేనె రంగులో ఉంది, కొద్దిగా మాడు వాసన. పక్క షెడ్డు మేస్త్రీ రానే వచ్చాడు, చేతిలో చిరిగిన అట్టపెట్టె ముక్కతో.

ఆ అట్టముక్క గురించి కాస్త చెప్పుకోవాలి. షెడ్డులో స్కానరు లేకపోయినా ఇది ఉంటుంది. కారు కింద పరిచి పావుగంట ఆగితే చాలు. ఏది కారుతోందో రంగు చెబుతుంది. తేనె రంగో, నలుపో అయితే ఇంజిన్ ఆయిల్. ఎరుపైతే చాలావరకు ఆటోమేటిక్ గేరు ఆయిలో, స్టీరింగు ఆయిలో. ఆకుపచ్చో గులాబీ రంగో ఉండి తియ్యటి వాసన వస్తే రేడియేటరు కూలెంటు. చక్రం దగ్గర లేత పసుపు జారుడు ద్రవం కనిపిస్తే బ్రేక్ ఆయిల్... అప్పుడిక బండి అడుగు కదలకూడదు. గనుల్లో పనిచేసే పెద్ద యంత్రాల దగ్గరా అట్టముక్కే దిక్కు. హైడ్రాలిక్ పైపులో సన్న చిల్లు పడితే ఆయిల్ కంటికి కనబడనంత సన్నటి ధారగా, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఒత్తిడితో వస్తుంది. చేత్తో తడిమితే చెయ్యి పోయే ప్రమాదం. అందుకే అట్ట అడ్డం పెట్టి చూడాలంటారు.

మేస్త్రీ అట్ట పరిచి, బానెట్ ఎత్తించాడు. ‘ఇంజిన్ ఆపి పది నిమిషాలు కానీయండి సార్. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలె. అప్పుడు గేజీ చూద్దాం.’

గేజీ అంటే డిప్‌స్టిక్. తుడిచి ముంచి తీస్తే ఆయిల్ కింది గీతకి కాస్త పైన ఉంది. మామూలుగా పై గీతకీ కింది గీతకీ మధ్య తేడా లీటరు దాకా ఉంటుంది. వారం కిందటి సర్వీసులో పై గీత దాకా పోసి ఉంటే, అందులో చాలాభాగం ఎటో పోయినట్టే. (కొన్ని ఖరీదైన కార్లలో ఈ గేజీనే తీసేశారు. స్క్రీన్ మీద చూసుకోవాలి. స్క్రీన్ చెప్పిందే వేదం!)

మనవడు చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సెకనుకి ఒకటి. చుక్కకు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు వేసుకున్నా నిమిషానికి మూడు మిల్లీలీటర్లు, గంటకి 180. అంటే లీటరు పోవడానికి ఐదున్నర గంటలు. భద్రాచలం ఇంకా సుమారు 80 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. తండ్రి ముఖం వెలిగింది. ‘ఒక డబ్బా కొని పోసుకుంటూ పోతే సరిపోదా?’

లెక్క తప్పు కాదు. కానీ అది ఆగి ఉన్న కారు లెక్క. ఇంజిన్ నడుస్తుంటే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో తోస్తుంది. రోడ్డు మీద వేగం పెరిగితే చుక్క ధారగా మారొచ్చు.

‘లారీ అయితే నేనూ అదే చెప్తుంటి సార్’ అన్నాడు మేస్త్రీ. లారీల సంగతి వేరు. డీజిల్ ట్యాంకుకి రాయి తగిలి సన్నగా పగిలితే డ్రైవర్లు బట్టల సబ్బు ముద్ద చేసి అదుముతారు. సబ్బు డీజిల్‌లో కరగదు కాబట్టి ఊరు చేరేదాకా ఆగుతుంది. ఆయిల్ ఛాంబరు పగిలితే సబ్బు పనికిరాదు, వేడికి కరిగిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా తుడిచి ఎం-సీల్ పెట్టాలి. తుడవకుండా పెట్టినవాడు మళ్లీ అదే రోడ్డు మీద ఆగుతాడు. పాత బుల్లెట్‌ల మీదైతే జోకే ఉంది. ఆయిల్ కారడం ఆగిందంటే బాగైందని కాదు, లోపల అయిపోయిందని!

మరి ఇదెందుకు వేరు? మేస్త్రీ ఇంజిన్ స్టార్ట్ చేయించి టార్చి వేశాడు. కింద ప్లాస్టిక్ రేకు అంతా కప్పేసి ఉంది. ఈ రేకే కొత్త కార్లలో పెద్ద తిరకాసు. లీకు ఒకచోట ఉంటే ఆయిల్ రేకు మీద పారి ఇంకోచోట కారుతుంది. చుక్క పడ్డచోటే లీకు ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. పైనుంచి చూడాలి. ఇంజిన్ వెనకవైపు, టర్బో దగ్గర తడి మెరిసింది. సన్నగా పొగ. తండ్రికి కనిపించలేదు గానీ వెనక సీట్లో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్న నాయనమ్మకి వాసన వచ్చింది. ‘బయ్యారం దాటినప్పటి నుంచీ వస్తోంది. పొలాల్లో ఏదో కాలుస్తున్నారనుకున్నా’ అందావిడ.

టర్బో అనేది చూడ్డానికి నత్తగుల్లలా ఉంటుంది. పొగ గొట్టంలోకి పోయే వేడి వాయువులతో తిరుగుతుంది. ఎంత వేగమంటే నిమిషానికి లక్ష చుట్లు దాటి. ఆ ఇరుసు ఇనుము మీద కాదు, పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగితే టర్బో పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇంకో సంగతి. గట్టిగా నడిపితే పెట్రోలు కారులో ఆ గుల్ల వేడి 800, 900 డిగ్రీల దాకా పోతుంది. దాని మీద ఆయిల్ చిందితే..? వాసనతో ఆగితే అదృష్టం.

ఇది మారుమూల ఊరి భయం కాదు. 2014లో జర్మనీకి చెందిన పోర్షే కంపెనీ తన 911 జీటీ3 కార్లన్నిటినీ ఆపేయమని యజమానులకు చెప్పింది. ఆ కార్లకు టర్బో కూడా లేదు. కనెక్టింగ్ రాడ్ల బోల్టులు వదులై, ఇంజిన్ గుల్ల దెబ్బతిని, కారిన ఆయిల్ అంటుకుని యూరప్‌లో రెండు కార్లు తగలబడ్డాయి. కంపెనీ రిపేరు జోలికి పోలేదు. మొత్తం 785 కార్లకూ ఇంజిన్లే మార్చింది. లక్షల డాలర్ల కారైనా ఒక బోల్టు బిగువు మీదే ఆధారపడుతుంది.

కొత్త కారులో ఆయిల్ కారడానికి కారణాలు చాలాసార్లు అంతకంటే చిన్నవి. సర్వీసులో డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వేయకపోవడం. ఫిల్టరు మార్చినప్పుడు పాత ప్యాకింగు అతుక్కుని ఉండిపోతే దాని మీదే కొత్తది బిగించడం. ఆయిల్ గీత దాటించి పోయడం. ట్యాపెట్ కవర్ ప్యాకింగు సరిగా కూర్చోకపోవడం. టర్బోకి వెళ్లే సన్న పైపు బోల్టు దగ్గర ఊట. ఇక మన స్పీడ్ బ్రేకర్లకి ఛాంబరు తగలడమన్నది ఎలాగూ ఉంది. చాలావాటికి సామాను ఖర్చు కొద్దిపాటిదే. చూడకుండా నడిపితే పోయేది ఇంజిను.

‘నువ్వే విప్పి చూడరాదా అన్నా?’ అడిగాడు తండ్రి.

‘విప్పను సార్.’ మాటలో మొండితనం లేదు. ‘రేకు తీసి బిగించడం నాకు వస్తది. కానీ వారంటీలో ఉన్న బండి. రేపు కంపెనీవాళ్లు బయటోడు విప్పిండంటే మీకే నష్టం. దీని ప్యాకింగు ఈ ఊళ్లో దొరకదు. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని ఉన్న ఆయిల్ దీనికి కావాలె, నా దగ్గరున్నది లారీలకు పోసే 15డబ్ల్యూ-40.’ బేరం పోతుందని తెలిసీ అలా చెప్పే మనిషి దొరకడం ఆ కారుకి ఆ రోజు జరిగిన మంచి.

ఎర్ర లైటు వెలగలేదు కదా అన్నది తండ్రి ఆఖరి వాదన. పసుపు లైటు ఆయిల్ తగ్గిందంటుంది. ఎర్రది ఒత్తిడి పోయిందంటుంది. ఎర్రది వెలిగాక పక్కకు తీసి ఇంజిన్ ఆపడమే, ఇంటికెళ్లే వ్యవధి ఉండదు. టేకులపల్లి దాటాక చెట్ల మధ్య చీకటిపడే వేళ, ఫోను సిగ్నలు అందీ అందకా, పక్కన పసివాడూ డెబ్భై ఏళ్ల మనిషీ ఉండగా వెలిగితే?

ఆ మాట ఎవరూ పైకి అనలేదు. నాయనమ్మే కారు దిగి చెప్పులేసుకుంది. ‘రేపు పొద్దున కల్యాణం మీ కారు కోసం ఆగదురా. ఇక్కణ్నుంచి బస్సులు లేవా?’

ఎందుకు లేవు! కొత్తగూడెం బస్సెక్కి అక్కడ భద్రాచలం బస్సు పట్టుకోవడమే. ఇల్లందు వాళ్లకి బస్సు నామోషీ కాదు. ఐదుసార్లు ఈ నియోజకవర్గం నుంచి అసెంబ్లీకి గెలిచిన గుమ్మడి నర్సయ్య సైకిల్ మీదా ఆర్టీసీ బస్సులోనూ తిరిగిన మనిషిగానే రాష్ట్రమంతా పేరు. పదేళ్ల మనవడికి బస్సు కిటికీ దొరికింది, వాడికి కారు బెంగ తీరిపోయింది. కోడలు, అత్తగారు, పిల్లాడు బస్సులో. తండ్రి కారుతో ఉండిపోయాడు.

కంపెనీ సాయం ఫోన్ నంబరు మూడోసారికి కలిసింది. మేస్త్రీ పక్కనుంచి అందించాడు. ‘గొలుసు కట్టి లాగే బండి వద్దనండి. ఆటోమేటిక్ గేరు బండిని చక్రాల మీద లాగితే గేరుబాక్సు పోతది. మొత్తంగా ఎక్కించుకునే లారీ కావాలనండి.’ వరంగల్ నుంచి రావాలి, మూడు నాలుగు గంటలన్నారు. ఈలోపు మేస్త్రీ చెప్పిన పనులు రెండే. సర్వీసు బిల్లు వెతికి పెట్టుకోవడం. గేజీ, తడి, మీటరు రీడింగు కనబడేలా ఫోన్లో ఫొటోలు తీసుకోవడం.

సాయంత్రం గాలికి బొగ్గు పొడి లేచింది. షెడ్డులో ట్రాలీ ఆటో ఒకటి పైకెత్తి ఉంది, దాని కిందా ఒక అట్టముక్క. టీలు మూడయ్యాయి. ఏడున్నరకి ఫోన్ మోగింది. భద్రాచలం చేరామని, సత్రంలో చోటు దొరికిందని కోడలు. వెనక నుంచి నాయనమ్మ గొంతు, వాడు తిన్నాడా అని.

లారీ వచ్చేసరికి ఎనిమిదిన్నర. బల్ల వంచి, కారుని తాళ్లతో నెమ్మదిగా పైకి లాక్కున్నారు. మేస్త్రీ కింద పరిచిన అట్టని రెండు చేతులతో తీశాడు. మధ్యలో తేనె రంగు వలయం, దాని చుట్టూ చిన్న చుక్కలు. చెవి మీదున్న బాల్‌పెన్ను తీసి మూలన తారీఖు, పరిచిన టైము, తీసిన టైము రాశాడు. పాత పేపర్లో చుట్టి డిక్కీలో పెట్టాడు.

‘షోరూమోళ్లకి ఇదివ్వండి సార్. లీకే లేదంటే చూపించండి.’

ఎంత ఇవ్వమంటావని తండ్రి పర్సు తీశాడు. మేస్త్రీ కాసేపు ఆలోచించి, ‘నేనేం విప్పలేదు కద సార్’ అని, టీ డబ్బులు మాత్రం ఆయన్నే ఇచ్చెయ్యమన్నాడు.