డోర్నకల్‌లో నాలుగు దినాలు

డోర్నకల్ పేరు వినని క్రైస్తవ కుటుంబం తెలుగునాట అరుదు. కాజీపేట నుండి విజయవాడ వెళ్ళే రైలుమార్గంలో, ఖమ్మానికి ముందు వచ్చే జంక్షన్ ఇది. ఇక్కడనుండే ఒక దారి చీలి భద్రాచలం రోడ్డు, మణుగూరుల వైపు, బొగ్గు గనుల ప్రాంతానికి పోతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు నుండి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఈ చిన్న ఊరినే తమ స్థానంగా చేసికొన్నారు. అందుచేత ఊరు చిన్నదైనా పేరు పెద్దది.

మా అమ్మానాన్నలు ఉండేది ఈ ఊళ్ళోనే. నాన్న రైల్వేలో గుమాస్తాగా పనిచేసి 2004లో రిటైరయ్యారు. 2025 నాటికి ఆయనకు 81 ఏళ్ళు, అమ్మకు 75. ఆ సంవత్సరం గాంధీ జయంతి, దసరా రెండూ అక్టోబరు 2, గురువారం నాడే వచ్చాయి. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టుకుంటే ఆదివారం వరకు నాలుగు దినాలు కలిసివస్తాయి. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం ఇంటికి వెళ్దామనుకున్నాము. తొమ్మిదో తరగతి చదువుతున్న అక్క కొడుకు కూడా బయలుదేరాడు. వెళ్ళేముందు ఫోనులో, "ఏం తెమ్మంటారు?" అని అడిగితే నాన్న, "ఏమీ వద్దు. కంప్యూటరు సంగతి చూస్తే చాలు" అన్నారు.

బుధవారం సికింద్రాబాదులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. పండుగ రద్దీలో కూర్చోవడానికి చోటు దొరకడమే గొప్ప. వరంగల్ దాటాక ఇరువైపులా పత్తి చేలు, వరి పొలాలు, మధ్యమధ్య తాటిచెట్లు. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్యకు వచ్చేసరికి అందరూ కిటికీలోనుండి బయటకు చూశారు. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుండపోత వానకు ఇక్కడే పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలను ముంచెత్తింది. అక్కడ ఉన్న మా మేనత్తగారి ఇంట్లోకి కిటికీల ఎత్తున నీరు వచ్చింది. ప్రాణాలతో బయటపడ్డారు, దేవునికి స్తోత్రం. కాని ఆమె పెళ్ళి ఫోటోలు, చదువు సర్టిఫికెట్లు, మా తాతగారు ఆమెకు రాసిన ఉత్తరాలు, అన్నీ బురదలో ముద్దయిపోయాయి. ఎండబెడితే కాగితాలు ఒకదానికొకటి అంటుకొని అట్టలాగా వచ్చాయేగాని అక్షరం దక్కలేదు.

నాన్న కంప్యూటరు గురించి అంత పట్టుదలగా ఎందుకున్నారో తెలియాలంటే ఆ వరద సంగతి తెలియాలి.

మా తాతగారు డోర్నకల్ చుట్టుపట్ల ఒక పల్లెలో మిషను బడి పంతులుగా, సంఘ ఉపదేశిగా పనిచేశారు. పగలంతా పొలాల్లో కూలికి పోయేవారు కాబట్టి పెద్దలకు, పిల్లలకు రాత్రిపూట లాంతరు వెలుగులో అక్షరాలు నేర్పేవారు. ఆయన 1938 నుండి 1961 వరకు మూడు నోటుపుస్తకాలు నింపారు. ఎవరి పెళ్ళి ఎప్పుడు, ఎవరి బిడ్డకు ఏ పేరు పెట్టారు, ఎవరు ఏ రోజున అక్షరాలు కూడబలుక్కొని చదవగలిగారు, ఏ ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవునికని పక్కన పెట్టింది, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ పల్లెలోని పేదల పుట్టుకలను, పెళ్ళిళ్ళను ఆ రోజుల్లో ఇంకెవరు రాసిపెట్టారు? ఆ కుటుంబాల మనుమలు ఇప్పటికీ తమ పెద్దల పేర్లకోసం నాన్న దగ్గరకు వస్తుంటారు.

ఖమ్మంలో చెల్లెలి ఇల్లు మునిగిన తరువాత నాన్నకు నిద్ర పట్టలేదు. ఆ మూడు పుస్తకాలకూ అదే గతి పడితే? ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి, రోజుకు రెండు పేజీల చొప్పున కొట్టడం మొదలుపెట్టారు. రైల్వేలో టైపు మిషను మీద చేయి తిరిగినవారే కనుక ఏడాదిలో రెండు పుస్తకాలు పూర్తిచేశారు.

గురువారం ఉదయం టిఫిను కాగానే ఆయన పక్కన కుర్చీలు వేసుకొని కూర్చున్నాము. మూడు చిక్కులు కనబడ్డాయి.

మొదటిది, ఆ కంప్యూటరు 2013లో కొన్నది. అందులో ఉన్నది విండోస్ 10. దానికి భద్రతా సవరణలు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే ప్రకటన వచ్చింది. మేము కూర్చున్న నాటికి ఇంకా పన్నెండు దినాలే. ఆ గడువు దాటినంత మాత్రాన మిషను ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. తలుపుకు గొళ్ళెం ఊడినట్టే. విండోస్ 11 ఎక్కిద్దామంటే అంత పాత మిషను దానికి సరిపోదు. 2026 అక్టోబరు 13 వరకు మరొక ఏడాది సవరణలు పొందే ఏర్పాటును ఆ సంస్థ ఇళ్ళలో వాడేవారికి ఇచ్చింది. ఖాతాతో లోపలికి వెళ్ళి సెట్టింగులు భద్రపరచుకుంటే అందుకు రుసుము లేదు. నాన్న పేరున ఖాతా తెరిచి అందులో చేరాము. ఏడాదిలోగా వేరే మిషను కొనాలని ఇద్దరం అనుకొని, దాని ఖర్చు సగం సగం పంచుకున్నాము.

రెండవది, నాన్న కొట్టినదంతా పాత డీటీపీ పద్ధతి అక్షరాలలో ఉంది. ఆ ఫాంటు ఉన్న మిషను మీద తెలుగులాగే కనిపిస్తుంది. వేరే చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా వస్తాయి. అంటే, రేపు మనుమలు తెరిస్తే ఒక్క ముక్క చదవలేరు. యూనికోడు పద్ధతిలో అలా కాదు. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్య ఉంటుంది. తెలుగుకు 1991లోనే అందులో చోటు దొరికింది. ఏ ఫోనులో, ఏ కంప్యూటరులో తెరిచినా అది తెలుగుగానే కనబడుతుంది. పాత అక్షరాలను యూనికోడుకు మార్చే సాధనం ఒకటి వాడాము. చాలావరకు బాగానే మారింది గాని, ఒత్తులున్న చోట తడబడింది. 'స్త్రీ', 'క్రీస్తు' వంటి మాటలు ముక్కలయ్యాయి. అందుకని నోటుపుస్తకం చూసి అమ్మ చదువుతుంటే, తెరమీద నాన్న దిద్దుతూ వచ్చారు. ఇద్దరి పనీ మంచం పక్కన ప్రార్థన చేసికొన్నంత నెమ్మదిగా, శ్రద్ధగా సాగింది.

ఇకమీదట కొట్టవలసిన మూడవ పుస్తకం కోసం విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టాము. ఇంగ్లీషు మీటలతో 'అమ్మ' అని శబ్దం వచ్చేటట్టు కొడితే తెరమీద అమ్మ అని తెలుగులో వస్తుంది. నాన్న మొదటి వాక్యానికి పావుగంట పట్టింది. అజరయ్యగారు తిరునల్వేలి నుండి ఇక్కడికి వచ్చినప్పుడు ముప్పై అయిదేళ్ళ తమిళుడు. ఇక్కడి జనం మధ్యనే తెలుగు నేర్చుకున్నారు. ఆ మాట నాన్నే గుర్తుచేసి, "ఆయనకు కొత్త భాషే వచ్చింది, నాకు కొత్త మీటలు రావా?" అని నవ్వారు.

మూడవది అన్నిటికంటె పెద్దది. ఏడాది శ్రమంతా ఆ ఒక్క మిషనులోనే ఉంది, నకలు లేదు. వరద వస్తే కాగితమూ పోతుంది, కంప్యూటరూ పోతుంది. ముఖ్యమైనది ఏదైనా మూడు ప్రతులుగా ఉండాలి, రెండు రకాల వస్తువులమీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి అన్నది కంప్యూటరువారు పాటించే నియమం. దాని ప్రకారం ఒక ప్రతి కంప్యూటరులో ఉంచి, ఒకటి పెన్‌డ్రైవులో వేసి, ఒకటి హైదరాబాదుకు తీసుకుపోవడానికి హార్డ్‌డిస్కులో దింపాము. మూడు పుస్తకాల పేజీలన్నిటినీ కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో ఫోటోలు తీశాము. అసలు పుస్తకాలను లామినేషన్ చేయించలేదు. అలా చేస్తే కాగితానికి చేటు. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి అటకమీది ట్రంకుపెట్టెలో పెట్టాము.

ఇంత పని జరుగుతున్నా మీట నొక్కింది మాత్రం అమ్మానాన్నలే. ఇది మేము ముందే చేసుకున్న తీర్మానం. మనుమడు మాత్రం మొదట్లో ఆగలేకపోయాడు. "ఇలా, ఇలా, అంతే అమ్మమ్మా" అని మౌసు లాక్కున్నాడు. అమ్మ, "నువ్వు చేస్తే నీకు వస్తది బిడ్డా. మీరు పోయినంక ఈడ ఉండేది నేను. నా చేతితోని చెయ్యనీ" అంది. ఆ తరువాత వాడు చేతులు కట్టుకొని కూర్చొని నోటితో చెప్పడం నేర్చుకున్నాడు. అమ్మ తన పాటల పుస్తకం చివరి పేజీల్లో ఒక్కొక్క మెట్టు తన మాటల్లోనే రాసుకుంది. పెన్‌డ్రైవు తీసేముందు తెరమీద చెప్పి తీయాలన్న సంగతిని "పోయేముందు సెలవు అడగాలె" అని రాసింది. మేము రాసిచ్చిన దానికంటె అదే మేలు.

శుక్రవారం పింఛను పని చూశాము. ఎనభై దాటిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుండే జీవన ధ్రువపత్రం ఇవ్వవచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ ఫోనులో ఉంటే ముఖం చూపి ఇంటినుండే పని ముగించవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దలకు ఇది ఎంతో ఉపకారం. వసారాలో వెలుతురుకు ఎదురుగా కూర్చొని నాన్న కళ్ళు ఆర్పితే పని అయిపోయింది.

ఆ మాటల మధ్యనే అమ్మ ఒక సంగతి చెప్పింది. కొన్ని వారాల క్రితం ఎవరో ఫోనుచేసి, "మీ కంప్యూటరులో వైరస్ ఉంది, మేము చెప్పిన యాప్ వేయండి, లేకపోతే పోలీసులు వస్తారు" అని బెదిరించాడట. అమ్మ, "మా పిల్లలు వచ్చినంక చూస్తరు" అని ఫోను పెట్టేసిందట. ఆమె చేసినదే సరైన పని. ఫోనులో, వీడియోలో అరెస్టు చేయడమన్నది మన చట్టంలో లేదు. బ్యాంకువారుగాని పింఛను కార్యాలయంవారుగాని ఓటీపీ అడగరు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు పైన గోడకు అంటించాము.

శనివారం సాయంత్రం జరిగినది మేము మరచిపోలేము. తాతగారు పనిచేసిన పల్లెనుండి ఒక వృద్ధురాలు మనుమడి బండిమీద వచ్చింది. ఎనభై అయిదేళ్ళుంటాయి. పంతులయ్య పుస్తకంలో తన పేరు ఉందని ఎవరో చెప్పారట. నాన్న నోటుపుస్తకం తెరిచి 1948వ సంవత్సరపు పేజీ చూపించారు. సిరా వెలిసిపోయింది, ఆమె కళ్ళకు ఏమీ ఆనలేదు. అప్పుడు అమ్మ లేచి, అదే పేజీ ఫోటోను కంప్యూటరులో తెరిచి, రెండురోజుల క్రితం నేర్చుకున్న విధంగా అక్షరాలను పెద్దవి చేసింది. ఒక్కొక్క అక్షరం అరచేయంత అయ్యింది. ఆమె తెర దగ్గరకు వంగి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కొని తన పేరు చదివింది. పక్కన తాతగారి చేతిరాతలో 'ఈ దినము తనంతట తాను చదివెను' అని ఉంది. దానినీ చదివింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పంతులయ్య మర్సిపోలే" అంది. ఆ పేజీని అచ్చువేసి ఆమె చేతికిచ్చాము.

ఆదివారం ఉదయం అందరం కలిసి దేవాలయానికి వెళ్ళాము. 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథీడ్రల్ అది. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే రాతి స్తంభాలు, వాటిమధ్య సిలువ. ఈ నేల సొంత రూపాలతోనే దేవుని మందిరం కట్టాలన్న అజరయ్యగారి కోరిక ఆ రాళ్ళలో కనబడుతుంది. ఆయన 1945 జనవరి 1న ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఊరు చూడడానికి వచ్చేవారు ఆ గుమ్మటాలను చూసి వెళ్తారు. కాని ఆ మందిరాన్ని నింపినవారు చుట్టుపక్కల పల్లెల రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దినవారు. వారి పేర్లు రాతిమీద లేవు. అటువంటి నోటుపుస్తకాలలో ఉన్నాయి.

ప్రియ పాఠకులారా, మీ పెద్దల ఇళ్ళలో కూడా ఇటువంటివి ఉండి ఉంటాయి. ఒక పాత కుటుంబ బైబిలు మొదటి పేజీలో రాసిన పుట్టినతేదీలు కావచ్చు, ఒక ఉత్తరాల కట్ట కావచ్చు, పెట్టె అడుగున ఒక ఫోటో కావచ్చు. ఈసారి సెలవులకు వెళ్ళేటప్పుడు పండ్లు, స్వీట్లతోపాటు ఒక పెన్‌డ్రైవు కూడా సంచిలో వేసుకోండి. వారి కంప్యూటరో ఫోనో బాగుచేసి వెంటనే లేచి వచ్చేయకండి. పక్కన కుర్చీ వేసుకోండి. మౌసు వారి చేతిలోనే ఉంచండి. ఒకే సంగతి నాలుగుసార్లు అడిగినా నాలుగుసార్లూ చెప్పండి. మనకు అక్షరాలు దిద్దించిననాడు వారు అంతకంటె ఎక్కువసార్లే చెప్పారు. ఫోటోలోని మనుషుల పేర్లు వారు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోండి. మిషను ఎప్పుడైనా కొనవచ్చు. ఆ పేర్లు చెప్పగలిగినవారు మనకు కొద్దికాలమే ఉంటారు.