ఎడారికి సర్దుకున్న పెట్టె



2019 నవంబరులో జోర్డాన్ దేశము చూచి వచ్చే భాగ్యము ప్రభువు నాకు దయచేశాడు. మన బైబిలులో యొర్దాను అని చదువుకొనే నది పేరే ఆ దేశానికి పేరు. నా పన్నెండేళ్ల సేవను జ్ఞాపకం చేసుకొని సంఘస్థులు కొంత డబ్బు పోగుచేశారు. మిగతాది నా భార్య పాడిన చీటీ డబ్బు. గైడు, బస్సు, భోజనం అన్నీ కలిపి ఎనిమిది రోజుల యాత్ర. అక్కడ చూచినవాటిని గూర్చి ఆరాధనలో చాలాసార్లు చెప్పాను. బయలుదేరే ముందు పెట్టె సర్దుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఈ నెల అదే వ్రాస్తున్నాను.

టూరువారు ఒక కాగితం పంపారు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలైనా గడువుండాలి. దాని జిరాక్సులు వేరే సంచిలో పెట్టుకోవాలి. పెద్దపెట్టె 23 కిలోలు, చేతిసంచి 7 కిలోలు మించకూడదు. పెట్టె దారితప్పినా ఇబ్బంది లేకుండా మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. పెట్రాలో కొండల నడుమ ఇరుకు దారి ఒక్కటే 1.2 కిలోమీటర్లు, అందుకని కాలికి అలవాటైన బూట్లే వేసుకోవాలి. మృతసముద్రంలో దిగే రోజు గడ్డం గీసుకోకూడదు. ఆ నీళ్లు మామూలు సముద్రం కన్నా దాదాపు పది రెట్లు ఉప్పన. చిన్న గాటున్నా మండిపోతుంది.

ఇక ఊళ్లో సలహాలకు కొదువ లేదు. ఎడారి అంటే ఎండే కదా అని అందరూ పలచటి బట్టలు పెట్టమన్నారు. ఒకరు గ్లూకోజు పొట్లాలిచ్చారు. ఒకరు రెండు టోపీలిచ్చారు. ఒక మామ్మగారు ఖాళీ సీసా తెచ్చి, "అయ్యగారండీ, యొర్దాను నీళ్లు ఇందులో పట్రండి" అన్నారు. మా ఆవిడ మాగాయ, కందిపొడి, చేగోడీలు కట్టింది. ధాన్యం కాటా మీద పెట్టి చూస్తే పెట్టె 26 కిలోలు తూగింది.

ఏది తీయాలో తోచక కూర్చున్నాను. అప్పుడు నా భార్య నెమ్మదిగా అడిగింది. "మా మరిది పన్నెండేళ్లు ఎడారిలో ఉండొచ్చాడు. అతన్ని తప్ప ఊరందర్నీ అడుగుతున్నారేంటండీ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. నా తమ్ముడితో నాకు రెండేళ్లుగా మాటల్లేవు. అమ్మ పోయాక ఇంటిస్థలం పంచుకున్నప్పుడు రెండు గజాల దారి దగ్గర తగువొచ్చింది. ఆ రెండేళ్లూ నేను సమాధానమును గూర్చి ప్రసంగాలు చేస్తూనే ఉన్నాను. మా ఇద్దరి గుమ్మాల మధ్య నలభై అడుగులు లేవు.

సాయంత్రం వెళ్లాను. వాడు గునపం దగ్గర కూర్చుని కొబ్బరికాయలు వలుస్తున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. మరదలు కుర్చీ తెచ్చి వేసింది. "జోర్డాన్ వెళ్తున్నానురా. ఏం పట్టుకెళ్లాలో తెలియట్లేదు" అన్నాను.

చాలాసేపటికి తలెత్తి అడిగాడు. "తిరుగు టిక్కెట్టు చేతిలో ఉందా?"

"ఉంది."

"అయితే భయం లేదన్నయ్యా. నేనెళ్లినప్పుడు అది లేదు."

తరువాత ఒక్కొక్కటే చెప్పాడు. పలచటివి కాదు, పొడుగు చేతుల నూలు చొక్కాలు పెట్టుకో. దాహం వేశాక కాదు, వేయకముందే గుక్కెడు గుక్కెడు తాగుతుండు. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కో, తేళ్లుంటాయి. అన్నిటికన్నా ముందు స్వెటరు పెట్టుకో. "అక్కడ గాల్లో తడుండదు, మబ్బుండదు. పగలు కాసిన వేడంతా రాత్రికి పైకెళ్లిపోద్ది. నవంబరంటే చలే."

"నువ్వెళ్లినప్పుడు ఏం పట్టుకెళ్లావురా?" అని అడిగాను. పన్నెండేళ్లలో ఆ ప్రశ్న నేనడగడం అదే మొదలు.

రెండు జతల బట్టలు, బైబిలు, అమ్మ పెట్టిన మాగాయ సీసా. సీసా విమానం దిగేసరికే పగిలిపోయింది. పాస్‌పోర్టు యజమాని తీసేసుకున్నాడు. కువైటు ఎడారిలో గొర్రెల మంద అప్పగించి, రేకుల షెడ్డు చూపించారు. ఎడారి అంటే ఎండేనని అందరూ చెప్పారు గనుక వాడి దగ్గర స్వెటరు లేదు. "మొదటి జనవరిలో చలికి ఆగలేక గొర్రెల మధ్యలో పడుకునేవోణ్ణి" అన్నాడు, కాయ వలుస్తూనే.

అది 2005 జనవరి. నేను బైబిలు కళాశాలలో డిప్లొమా చదువుతున్న రోజులు. పరీక్ష ఫీజు కట్టాలి, త్వరగా పంపమని ఆ నెలలోనే నేను వాడికి ఫోను చేయించాను. "బాగానే ఉన్నానన్నయ్యా, పంపుతా" అన్నాడు. పంపాడు. 2016 జూలై 21న కువైటులోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైందని పేపర్లో చదివి, "అబ్బో" అనుకొని పేజీ తిప్పేశాను. ఆ వేసవిలో కూడా వాడు అక్కడే ఉన్నాడు. వాడు పంపిన డబ్బు లెక్కపెట్టాను గాని, వాడు గడిపిన రాత్రులు ఎన్నడూ లెక్కపెట్టలేదు.

నాకు మాట పెగల్లేదు. "ఆ దారి నీదేరా. నన్ను క్షమించు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. లోపలికెళ్లి ట్రంకుపెట్టె తీసి, అరబ్బులు తలకు చుట్టుకొనే గళ్ల గుడ్డ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఇసక గాలి లేస్తే ముక్కూ నోరూ కప్పుకో. టోపీ ఎగిరిపోద్ది."

ఆ రాత్రి పెట్టె మళ్లీ విప్పాము. టోపీలు, గ్లూకోజు, చేగోడీలు బయటికొచ్చాయి. స్వెటరు, ఆ గుడ్డ లోపలికెళ్లాయి. కాటా మీద 21 కిలోలు తూగింది. మామ్మగారి సీసా మాత్రం తీయలేదు.

బయలుదేరే రోజు తెల్లవారుజామున నాలుగింటికి మోటారు సైకిలు చప్పుడైంది. తమ్ముడు. మాట్లాడకుండా పెట్టె ట్యాంకు మీద పెట్టుకొని, నన్ను వెనక కూర్చోబెట్టుకొని స్టేషనుకు తీసికెళ్లాడు.

జోర్డానులో మా బస్సు జర్కా అనే చిన్న నదిని దాటింది. ఇదే బైబిలులోని యబ్బోకు అని గైడు చెప్పాడు. అన్నను ఎదుర్కొనడానికి భయపడుతూ యాకోబు దాటిన యేరు అది. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మెడలోని గళ్ల గుడ్డ పట్టుకొని కూర్చున్నాను. మా ఇంట్లో పరుగెత్తుకొని వెళ్లి కౌగలించుకోవలసినవాణ్ణి నేనే. రెండేళ్లు ఆలస్యం చేశాను.

ప్రియ సహోదరీ సహోదరులారా, గల్ఫునుండి తిరిగి వచ్చినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారు ఏమి తెచ్చారని అందరమూ అడిగాము. ఎలా ఉన్నారని ఎందరము అడిగాము? ఈ సాయంత్రమే వెళ్లి ప్రక్కన కూర్చోండి. వారు చెప్పేదాకా ఓపికతో ఉండండి.

ప్రభువునందు మీ సహోదరుడు.