మన యూరి బడి వార్తలు

మన యిండ్లలో వార్తలకు కొఱత లేదు. ఎవరి యింట పెండ్లి కుదిరినది, ఎవరి కోడలు పుట్టినింటికి పోయినది, సంతలో కందిపప్పు వెల యెంతకు హెచ్చినది, ఇవన్నియు ప్రొద్దు గ్రుంకకముందే మనకు తెలియును. కాని మన పిల్లలు పగలంతయు గడపు బడిలో ఆనాడేమి జరిగినదో మనలో ఎందఱకు తెలియును? బిడ్డ యేడ్చుచు వచ్చిననాడో, మార్కుల కాగితముపై సంతకము పెట్టవలసిననాడో తప్ప మనము బడిమాట తలపెట్టము. అది మగవారి వార్తయనియో, పంతులుగారి వార్తయనియో యూరకుందుము. అట్లు ఊరకుండుట తగదనియు, మా ప్రాంతమున ఏటేట రెండు మూడు నెలలపాటు ఆడుబిడ్డ చదువు ఆ వార్తపైననే నిలిచి యుండుననియు నేను కన్నదానిని బట్టి విన్నవించుకొనుచున్నాను.

నా భర్త జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. బదిలీల మూలమున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు మూడింటను కాపురము చేసితిని. ఇవన్నియు 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు మహబూబ్‌నగరు జిల్లాలోనివే. ఆ తరువాత మూడు వేర్వేఱు జిల్లాలైనవి. నా చదువంతయు ఇంటనే, మా తాతగారి యొద్ద భారత భాగవతములతో సాగినది. కనుక బడి యన్నది నాకు పెండ్లి తరువాతనే పరిచయమైనది. అందువలననే కాబోలు, అందఱకును మామూలుగ తోచునవి నాకు వింతగను ముచ్చటగను కనబడినవి.

గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. సంస్థానాధీశులు పండితులను పిలిపించి సత్కరించిన యూరు. సంస్థానము నేలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేరిట ప్రభుత్వ కళాశాల ఆ కోటలోనే నడచుచున్నది. ఒక స్త్రీ పాలించిన సీమ యిది. అయినను 2011 జనాభా లెక్కలను కొత్త జిల్లాల వారీగ విభజించి చూచినపుడు, తెలంగాణమునందలి జిల్లాలలో అక్షరాస్యత అన్నిటికంటె తక్కువ గలది గద్వాల జిల్లాయే. నూటికి ఏబదిమందియు లేరు. స్త్రీల మాట చెప్పనక్కఱ లేదు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్నపుడు మనసు చివుక్కుమనును.

ఇక బడి సంగతి. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులు పిల్లలకు రెక్కలు వచ్చు వయస్సు. ఉదయము ప్రార్థన కాగానే ఒక పిల్ల ముందుకు వచ్చి ఆనాటి వార్తలు చదువును. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవము. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవము. దసరా సెలవులకు ముందు బతుకమ్మ. డిసెంబరు 22 రామానుజన్ జయంతి, గణిత దినోత్సవము. ఫిబ్రవరి 28 విజ్ఞాన దినోత్సవము. స్వపరిపాలన దినమున పిల్లలే పంతుళ్లై, ప్రధానోపాధ్యాయులై బడి నడుపుదురు. చీర కట్టుకొని సుద్దముక్క చేతబట్టిన పదమూడేండ్ల పిల్ల నడకలోని దర్జా చూచి తీరవలసినదే. ఇన్‌స్పైర్ మానక్ అను పథకమున కొత్త ఆలోచన చెప్పిన విద్యార్థి ఎంపికయైనచో, నమూనా చేయుటకు 10,000 రూపాయలు ఇత్తురు.

ఇవి వట్టి ఆటపాటలని కొందఱు చప్పరింతురు. భాగవతమున ప్రహ్లాదుడు గురువులు గృహకృత్యములకై వెళ్లిన సమయము చూచి తోడి బాలురకు తాను బోధించెను. పుస్తకమునుండి నేర్చునది కొంత, తోడివారి నుండి నేర్చునది కొంత. తోడివారు తన కొఱకు ఎదురుచూచుచున్నారన్న తలంపే పిల్లను బడికి లాగు త్రాడు. ఆ త్రాడు ఎంత గట్టిదో మా యూరి పత్తిచేలు పూచునపుడు తెలిసినది.

గద్వాల ప్రాంతమున సీడు పత్తి విస్తారముగ పండింతురు. ఇది బట్టకు కాదు, విత్తనమునకు. ఆడుమొక్కల వరుసలును మగమొక్కల వరుసలును వేఱుగ వేయుదురు. మఱునాడు విచ్చుకొనబోవు మొగ్గను ముందటి సాయంకాలమే గుర్తించి, దాని రేకులను, పుప్పొడి తిత్తులను ఒలిచివేయుదురు. మఱునాటి యుదయము మగపువ్వును తెచ్చి ఆ మొగ్గ నడుమనున్న కీలమునకు రాయుదురు. దీనిని రైతులు క్రాసింగు అందురు. ప్రతి పువ్వునకును చేతితోనే చేయవలెను. చేనికి ఎన్ని చేతులున్నను చాలవు. పిల్లల ఎత్తు మొక్కలకు సరిపోవుననియు, వారి వ్రేళ్లు సన్ననివనియు, కూలి తక్కువయనియు ఆడుపిల్లలను పనిలో పెట్టు వాడుక యేర్పడినది. 2000వ సంవత్సరము తరువాత పరిశోధకులు ఈ చేలను పరిశీలించి, పనిచేయు పిల్లలలో బాలికలే అధికమని వ్రాయగా ఆ మాట దేశాంతరముల వఱకు పోయినది. అప్పటికంటె నేడు మేలే. కాని శ్రావణ భాద్రపదములు వచ్చినచో తరగతిలో చోట్లు ఖాళీ యగుట నేను కన్నులార చూచితిని.

చట్టమేమి చెప్పుచున్నది? 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు ప్రతి బిడ్డకును బడి హక్కని చెప్పుచున్నది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టరాదనుచు, సొంత కుటుంబమునకు బడివేళ తరువాతను సెలవులలోను సాయపడవచ్చునని మాత్రము సడలింపు ఇచ్చినది. చాలమంది ‘మా చేను మేము చేసికొనుచున్నాము’ అని ఈ సడలింపును చూపుదురు. కాని పువ్వునకు పుప్పొడి రాయు వేళ ఉదయము. బడి గంట మ్రోగు వేళయు అదియే. కనుక సొంత చేనైనను ఆ వేళ పిల్లను నిలుపుటకు చట్టము ఒప్పదు.

ఆ యేడు బడిపిల్లలు ఒక గోడపత్రిక ప్రారంభించిరి. పంతులుగారు వారికి సురవరం ప్రతాపరెడ్డిగారి కథ చెప్పిరి. ఇటిక్యాలపాడు గ్రామమునకు చెందిన ఆయన 1926లో గోలకొండ పత్రిక స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగ 1934లో 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచిక వెలువరించిరి. ఆయన మన జిల్లావాడే యని తెలిసిన నాటినుండి పిల్లల యుత్సాహమునకు మేర లేదు. పెద్ద తెల్ల కాగితముపై వారమునకొకమాఱు వార్తలు వ్రాసి, ఒక ప్రతి బడిగోడకును మఱియొక ప్రతి పంచాయతి కార్యాలయము గోడకును అంటించిరి. కబడ్డీలో గెలిచినవారు, వనములో నాటిన మొక్కలు, మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు ఇచ్చు దినములు, ఇట్టివే వార్తలు. అందఱికంటె ముద్దైన అక్షరములు గల ఎనిమిదవ తరగతి బాలిక లేఖకురాలు.

పత్తి పూచెను. ఆ బాలిక బడికి రాలేదు. తరగతిలో తొమ్మిది చోట్లు ఖాళీయయ్యెను. రాని వారి పేర్లు పత్రికలో వ్రాయుదుమని పిల్లలు పట్టుపట్టిరి. పంతులుగారు కూడదనిరి. బీదతనమును గోడకెక్కించి సిగ్గుపఱచినచో తలుపులు మూయుదురే కాని పిల్లలను పంపరని ఆయన యభిప్రాయము. తుదకు పిల్లలు ఒక్క వాక్యము వ్రాసిరి: ఎనిమిదవ తరగతిలో ఈ వారము తొమ్మిది చోట్లు మా నేస్తుల కొఱకు ఎదురుచూచుచున్నవి. ఆ వాక్యము క్రింద అక్షరములు వంకరటింకరగ నుండెను. వ్రాయవలసిన పిల్ల చేనిలో నున్నది గదా!

ఆ బాలిక తల్లికి చదువు రాదు. పంచాయతి గోడయొద్ద జనము చదువుచుండగా విని, సాయంకాలము మా యింటికి వచ్చి, ‘అమ్మా, గోడమీద మా పిల్ల మాట రాసిండ్రంట గద’ అని యడిగెను. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, ‘పువ్వు ఆగదు గదమ్మా! ఇయ్యాల రాయకుంటే రేపటికి వాడిపోతది. బడి యాడికి పోతది? రేపు గూడ ఆడనే ఉంటది’ అనెను.

ఆమె మాటలో అబద్ధము లేదు. అప్పు తెచ్చి పెట్టిన పైరది. పువ్వు వాడినచో కాయ లేదు, కాయ లేనిచో తీర్చుటకు దారి లేదు. ఇట్టి తల్లికి నీతులు చెప్పుట సులభమే కాని ఫలమేమి? కనుక నేను, ‘నిజమే అక్కా, పువ్వు ఒక్కనాటిదే. ఎనిమిదో తరగతి కూడ ఒక్క యేటిదే. ఈ యేడు ఒక పరీక్ష ఉన్నది. అది తొమ్మిదిలో వ్రాయనియ్యరు’ అని ఆ సంగతి వివరించితిని.

ఆ సంగతి మీకును చెప్పవలెను. జాతీయ ప్రతిభా ఉపకార వేతనమని కేంద్రప్రభుత్వము 2008లో ఏర్పఱచినది. దీనినే ఎన్.ఎం.ఎం.ఎస్. అందురు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువువారు వ్రాయవచ్చును. ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులముల, తెగల వారికి 50 చాలును. తల్లిదండ్రుల యేటి యాదాయము మూడున్నర లక్షలకు మించరాదు. తర్కశక్తికి 90, పాఠ్యాంశములకు 90 ప్రశ్నలుండును. ఎంపికయైన వారికి తొమ్మిది నుండి ఇంటరు ముగియువఱకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేండ్లు పిల్ల పేరిటి బ్యాంకు ఖాతాలోనే పడును. దరఖాస్తులు పెట్టు కాలము, పరీక్షకు తయారగు కాలము, మా సీమలో క్రాసింగు కాలము, ఇంచుమించు ఒక్కటే. బడివార్త తెలియని తల్లి ఈ పరీక్షపేరు వినకుండగనే ఏడు గడచిపోవును.

ఆ తల్లి వ్రేళ్లు ముడుచుచు లెక్కవేసికొని వెడలిపోయెను. మూడు దినములకు పిల్ల బడికి వచ్చెను. తల్లి తన వదినెతో మాటలాడుకొని, ఉదయములు ఒకరి చేనికొకరు బదులు పనికి పోవునట్లు ఏర్పాటు చేసికొన్నదట. పిల్ల బడి విడిచిన తరువాత ఒక గంట తల్లికి తోడుపోవుచుండెను. బతుకమ్మనాటికి ఆ తొమ్మిది చోట్లలో ఏడు నిండినవి. రెండు నిండలేదు.

పరీక్షాఫలము వచ్చినపుడు ఎంపికజాబితాలో ఆ బాలిక పేరు లేదు. అదే తరగతిలోని వేఱొక బాలిక పేరున్నది. పిల్ల కండ్లనీళ్లు పెట్టుకొని, ఆ వార్తను తన చేతులతోనే గోడపత్రికలో వ్రాసి, నేస్తురాలిని అభినందించినది. వేతనము రాలేదని బడి మానలేదు, తొమ్మిదిలో చేరినది. మఱుసటి యేడు పైరు వేయకముందే తల్లి మా గుమ్మము ముందు నిలిచి, ‘చిన్నదానికి పరీచ్చలెప్పుడమ్మా? ముందే చెప్పు, మనుషులను చూసుకుంట’ అనెను. ఆమె చిన్నకూతురు అపుడు ఏడవ తరగతి. ఈ ప్రశ్న కంటె పెద్ద ఉపకారవేతనము ఏ పరీక్ష ఇయ్యగలదు?

వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములకు పోయిన తరువాత వేఱు కారణములు చూచితిని. వనపర్తి రాజప్రాసాదమున నేడు పాలిటెక్నిక్ నడచుచున్నది. అంత విద్యాలయమునకు కూతవేటు దూరమున పల్లెలలో తల్లిదండ్రులు పనికై దూరనగరములకు పోవుటయు, పిల్లలు అవ్వ చేతిలో మిగులుటయు కలదు. పాలమూరు కూలియన్న పేరు దేశమంతట వినబడినదే. అవ్వకు బడి కబురు ఎవరు చెప్పుదురు? నాగర్‌కర్నూలు వైపు బడిపిల్లలు ఆ సీమ పండితులగు కపిలవాయి లింగమూర్తిగారు స్థలచరిత్రలు కూర్చినట్లు, తమ యూరిపేరు ఎట్లు వచ్చినదో అవ్వలనే అడిగి గోడపత్రికలో వ్రాసిరి. తమ మాట గోడపై నెక్కినదని విన్న అవ్వలు బడి గేటు దాటి వచ్చిరి. వచ్చినవారికి పంతులుగారు హాజరు పట్టిక చూపిరి.

ఇందులో మనము చేయదగిన పని కలదు. పాఠశాల యాజమాన్య సంఘములలో మూడు పాళ్లు తల్లిదండ్రులును, సగము మంది స్త్రీలును ఉండవలెనని విద్యాహక్కు చట్టమే చెప్పినది. తెలంగాణమున 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి, మహిళాసంఘముల స్త్రీలే వానికి అధ్యక్షులైరి. మరుగుదొడ్లు, నీరు, మరమ్మతులు వారి దృష్టికి వచ్చినవి. వానితోపాటు వారమునకొక ప్రశ్న అడుగుడు: ఈ వారము ఏ తరగతిలో ఎన్ని చోట్లు ఖాళీ? దరఖాస్తులు ఎప్పుడు? ఆటలపోటీలకు ఆడుపిల్లలు ఎందఱు పోయిరి? చదువు రాని తల్లి యున్నచో మీరే చదివి వినిపింపుడు. మీ యింట కూలికి వచ్చు స్త్రీ వెంట బడియీడు పిల్ల వచ్చినచో, ఏ తరగతియని యడిగి, రేపు బడికే పంపుమని చెప్పుడు.

పిల్ల ఇల్లు చేరగానే సంచి దింపి, మంచినీళ్లిచ్చి, నేడు బడిలో ఏమి వార్త యని యడుగుడు. చెప్పుటకు వార్త యున్న పిల్ల మఱునాడును బడికి పోవును.