బండికి ఆయిల్ వేడి మీటరు పెట్టినాం, ఒక అన్నకు బాకీ పడినాం

పోస్టు కొంచెం పొడుగు ఉంటాది, తీరిక ఉన్నప్పుడు చదవండి. బండ్ల గురించే అయినా చివరికి అది బండి గురించి మాత్రమే కాకుండా పోయింది.

మేం నలుగురం. ఆళ్లగడ్డ పక్క తాండా మాది, చదువులు నంద్యాలలో. అందరం తలా కొంత వేసుకుని ఒక 350 సీసీ బండి కొన్నాం. సెకండ్ హ్యాండ్, 2013 మోడల్. గాలికి చల్లబడే ఇంజన్, రేడియేటర్ లేదు. 2024 శ్రీరామనవమికి, అంటే ఏప్రిల్ 17కు, దాని మీద ఇద్దరం, వెనకాల 100 సీసీ బండి మీద ఇద్దరం పోహరాదేవికి బయల్దేరినాం. గ్రూపులో చెంచు, ఎరుకల తమ్ముళ్లకు తెలియకపోవచ్చు గనక చెప్తున్నాం: మహారాష్ట్ర వాశిం జిల్లాలో ఉంది పోహరాదేవి, సేవాలాల్ మహారాజ్ సమాధి ఉన్న చోటు. నవమికి అక్కడ పెద్ద జాతర. (మనం ఇక్కడ ఎస్టీ, అక్కడి బంజారాలు విముక్త జాతుల లిస్టులో. దాని మీద ఇంకో పోస్టు రాయాలి.) నంద్యాల నుంచి కర్నూలు, హైదరాబాద్, నిజామాబాద్, నాందేడ్ మీదుగా దాదాపు ఏడు వందల కిలోమీటర్లు.

నాందేడ్ దాటినాక మిట్టమధ్యాహ్నం పెద్ద బండి పట్టేసింది. ముందు లాగడం తగ్గింది, తర్వాత కిర్రుమని వెనక చక్రం లాక్ అయింది. నడుపుతున్న అన్న క్లచ్ పట్టుకున్నాడు గనక ఇద్దరూ పడలేదు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెనక్కి నాందేడ్ తెచ్చినాం. బోర్, పిస్టన్, కూలీ అన్నీ కలిపి 14,400. జాతర చూడనే లేదు.

తప్పు ఆ అన్నదే అన్నాం. "నువ్వు గుంజినావు, నూరు దాటించి ఉంటావు" అన్నాం. "ఎనభై దాటలేదురా" అని రెండుసార్లు చెప్పినాడు, మూడోసారి చెప్పలేదు. డబ్బంతా ఆయనే పెట్టుకున్నాడు. దానికోసం బేతంచెర్లలో బండల పాలిష్ మిషన్ దగ్గర రెండు నెలలు పనికి పోయినాడు. కాలేజీలో హాజరు చాలక ఆ సెమిస్టరు పరీక్ష రాయనీయలేదు. మేం అయ్యో అనుకున్నాం గానీ నోరు తెరిచి ఏమీ అనలేదు.

ఈసారి పోయే ముందు ఇంజన్ వేడి ఎంత ఉందో కంటికి కనబడాలనుకున్నాం. మన బండ్లలో పెట్రోలు ముల్లు ఉంటాది, స్పీడు ముల్లు ఉంటాది, ప్రాణం ఉండే ఆయిల్ సంగతి చెప్పే ముల్లు ఉండదు. గాలి ఇంజన్లో కొంత చల్లార్పు పని ఆయిల్‌దే. మా బండిలో ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ క్లచ్‌కూ అదే ఆయిల్. డబ్బా మీద 15డబ్ల్యూ-50 అని ఉంటాది కదా, అందులో 50 అనేది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటాదో చెప్పే లెక్క. ఆ పైన వేడెక్కేకొద్దీ పల్చబడతాది, పిస్టన్‌కూ బోర్‌కూ మధ్య ఉండాల్సిన పొర సన్నబడతాది. 130 దాటి అట్లే నడిపితే ఆయిల్ త్వరగా మాడిపోతాది కూడా.

సెన్సర్ ఎక్కడ పెట్టాలన్న దాని మీదే మూడు రోజులు కొట్లాడుకున్నాం. ఆయిల్ పోసే మూత దగ్గర పెడితే సులువు, కానీ సెన్సర్ కొన ఆయిల్లో మునగాలి. మునగకపోతే అది చూపేది లోపలి గాలి వేడి. అందుకని కింద డ్రెయిన్ బోల్టు దగ్గరికే పోయినాం. పాత బోల్టు తీసుకుపోయి అదే మర ఉన్న కొత్తది కొని, నంద్యాలలో లేత్ ఆయన దగ్గర నడిమధ్య తొలిపించి 1/8 అంగుళం పైపు మర కోయించినాం. బోల్టు లావుగా ఉంటేనే ఈ పని చేయించండి, సన్నదైతే గోడ పల్చబడి విరుగుతాది. పాత బోల్టు పారేయలేదు, టూల్ డబ్బాలో ఉంది. దారిలో సెన్సర్‌కు ఏమన్నా అయితే అదే దిక్కు.

బోల్టు కింద కొత్త రాగి వాషర్ వేయాలి. పానాకు పైపు తగిలించి బలం చూపియ్యొద్దు, ఇంజన్ అడుగు అల్యూమినియం, మర పోయిందంటే మీటరు డబ్బుకు పదింతలు. సెన్సర్ కొన కిందికి పొడుచుకొస్తాది. మా తాండా దారిలో రాళ్లు ఎట్లుంటాయో మీకు తెలుసు, అందుకని ముందువైపు ఇనుప పట్టీ వంచి అడ్డం కట్టినాం. వైరు ఫ్రేము వెంబడి, బెండ్ పైపుకు దూరంగా, ట్యాంకు కిందుగా హెడ్‌లైట్ డూమ్‌లోకి తెచ్చినాం. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి కాదు, తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకోవాలి, మధ్యలో చిన్న ఫ్యూజు. లేదంటే రాత్రంతా మీటరు వెలిగి పొద్దునకు బ్యాటరీ పడుకుంటాది.

అంతా బిగించి ఆళ్లగడ్డ దాకా పోయొచ్చినాం. మీటరు 64 చూపించింది. ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టలేకపోతున్నాం, మీటరేమో 64! తక్కువ రకం కొన్నామని తిట్టుకున్నాం. మెకానిక్ ఒకాయన "మీకెందుకప్పా ఇవన్నీ, బండి తోలుకోండి సాలు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

మాలో ఒకరి చెల్లెలు డిప్లొమా ఈఈఈ చదువుతోంది. సెన్సర్ ఊడదీయించింది, గిన్నెలో నీళ్లు మరగబెట్టి అందులో ముంచింది, సెన్సర్ ఒంటికి ఇంకో వైరు చుట్టి బ్యాటరీ నెగెటివ్‌కు కలిపింది. మీటరు 98 చూపించింది. మరిగే నీళ్లకు అది సరైన లెక్కే. "మీటరు మంచిదే అన్నా, మీరు పెట్టిన తీరే బాగలేదు" అన్నది. సంగతేమంటే, ఆయిల్ కారకుండా మేం మరకు తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టినాం. మాది ఒంటి వైరు సెన్సర్, దానికి ఎర్తు ఇంజన్ ఒంటి నుంచే అందాలి. టేపు దాన్ని అడ్డుకుంటోంది. ఈ సెన్సర్లు వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు తగ్గించుకుంటాయి, ఎర్తు సరిగా లేక రెసిస్టెన్సు పెరిగితే మీటరు దాన్ని చల్లదనం అనుకుంటాది. అంటే మీటరు లేకపోవడం కన్నా ప్రమాదం, ఇంజన్ ఉడుకుతుంటే బాగుందని చెప్తాది. టేపు గీకేసి, ఎర్తుకు వేరే వైరు కూడా వేసినాం. ఆ పిల్లకు మల్టీమీటరు కొనిపెడతామని మాటిచ్చినాం, కొనిపెట్టినాం.

మార్చి చివర్లో మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఇద్దరం, వెనక సామాను మూట. అరవైలో 108 దగ్గర నిలబడింది. ఎనభైలో సిరివెళ్ల వచ్చేసరికి 126. ఎదురుగాలి తగిలినాక అదే ఎనభైలో 134, ఇంకా పైకే పోతోంది. నూరు కాదు. ఎనభై. నాందేడ్ దగ్గర ఇంతకన్నా ఎండ, పొద్దున్నుంచీ ఆగకుండా నడిపిన బండి.

సిరివెళ్ల అవతల చెట్టు కింద ఆగినాం. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకడు అన్నాడు: "రేయ్, ఆ రోజు మన చిన్న బండి వెనకాలే ఉండింది కదా?" అవును. వంద సీసీ బండి, ఇద్దరు మనుషులు, మూటలు. అన్న నూరు దాటి ఉంటే మాకు ఎప్పుడో కనబడకుండా పోయుండేవాడు. పొద్దున్నుంచీ ఆయన వెనక లైటు చూస్తూనే నడిపినాం. ఆ సంగతి ఆ రోజు కూడా మాకు తెలుసు. ఇంకోటి, ఇంజన్ పక్క గాజు కంట్లో ఆయిల్ మట్టం చూసే పని మాది, ఆయనది కాదు. కర్నూలులో చూసినాం, తర్వాత చూడలేదు. ఆయిల్ తక్కువుంటే ఉన్నది ఇంకా త్వరగా కాగుతాది. మీటరు మట్టం చెప్పదు, అది వంగి కంటితోనే చూడాలి.

ఆ సాయంత్రమే తాండాకు పోయి అన్నకు చెప్పినాం. క్షమించమని అడిగే మాట మాకు సరిగా రాలేదు, ముందు 126, 134 అని లెక్కలు చెప్పుకుంటూ పోయినాం. ఆయన విని, "ఎర్తు ఎక్కడ వేసినారు?" అని అడిగినాడు. వాళ్ల యాడి మాత్రం ఊరుకోలేదు. బండల దుమ్ముకు కొడుకు రాత్రుళ్లు ఎట్లా దగ్గేవాడో చెప్పింది. తల దించుకుని విన్నాం.

2025 నవమికి, ఏప్రిల్ 6న, జాతర చూసినాం. పెద్ద బండి అన్నే నడిపినాడు. నాందేడ్ దాటినాక 131 రాగానే తనే పక్కకు ఆపినాడు. ఒక వేపచెట్టు కింద నలభై నిమిషాలు కూర్చున్నాం, చల్లారినాక వంగి గాజు కన్ను చూసినాం, ఆయిల్ పోసినాం. 90కి దిగినాక కదిలినాం. పుసద్, దిగ్రస్ మీదుగా చీకటి పడకముందే చేరినాం.

ఇంకో మాట, వేడి తక్కువైనా మంచిది కాదు. చలి పొద్దుల్లో తాండా నుంచి రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ముల్లు అరవై కూడా దాటదు. లోపల చేరిన తేమ ఆవిరి కాక గాజు కంట్లో ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనబడతాది. వారానికి ఒకసారైనా అరగంట సాగనియ్యండి.

బోల్టు మర కొలత, సెన్సర్ రకం కావాలంటే అడగండి, ఫోటోలు పెడతాం. 14,400లో మా ముగ్గురి వాటా 10,800. రెండు వాటాలు ఇచ్చేసినాం, అన్న వద్దన్నా ఇచ్చినాం. ఇంకా 3,600 ఉంది. ఆ సెమిస్టరు సంగతి ఏం చేయాలో మాకు తెలియలేదు.