వారం రోజుల ఓడ

గ్రీసు దేశం పటం తీసి చూడండి. ఎవరో సముద్రంలోకి చెయ్యి చాచి, వేళ్ళ సందుల్లోంచి గుప్పెడు గింజలు వెదజల్లినట్టు ఉంటుంది. ఆ గింజలే ద్వీపాలు. చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 6000 ఉన్నాయంటారు. వాటిలో జనం కాపురముండేవి మటుకు 200 పైచిలుకే. అలాంటి దేశాన్ని చూడాలంటే ఓడ ఎక్కక తప్పదు. అందుకే ఎండాకాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి జనమో అక్కడ చేరి, వారం రోజులకు ఒక ఓడను అద్దెకు తీసుకుని, దీవి నుంచి దీవికి తిరుగుతారు. ఇలాటి విహారనౌకను యాట్ అంటారు.

ఆ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. అది డచ్చివారి మాట. దానికి అర్థం "వేట". వెనక హాలెండువాళ్ళు దొంగ ఓడలను వెంటాడి పట్టుకోవటానికి చురుకైన చిన్న ఓడలు కట్టుకుని, వాటిని వేట ఓడలన్నారు. 1660లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు హాలెండువాళ్ళు అలాటి ఓడ నొకదాన్ని కానుకగా ఇచ్చారు. దాని పేరు "మేరీ". రాజు దానిలో షికార్లు చేసి చాలా ముచ్చటపడ్డాడు. వేట ఓడ కాస్తా విలాసపు ఓడ అయింది.

ఓడను అద్దెకు తీసుకోవటంలో మూడు పద్ధతులున్నాయి. ఉత్త ఓడను తీసుకుని మనమే నడుపుకోవటం మొదటిది. ఇందుకు ఓడ నడపగలమని యోగ్యతాపత్రం చూపించాలి. తోడుగా పని తెలిసిన మనిషి మరొకడు ఉండాలి. ఓడతోబాటు దాన్ని నడిపే సరంగును కూడా కుదుర్చుకోవటం రెండోది. మూడోది విలాసనౌక. దీనిలో కప్తానూ, ఇంజనీరూ, కళాసులూ, వంటవాడూ, పడకలు సర్దేవాళ్ళూ అందరూ ఓడతోనే వస్తారు. అతిథులు కూర్చుని సముద్రాన్ని చూడటమే పని. కాని నౌక ఎంత పెద్దదైనా అతిథులు సాధారణంగా పన్నెండుమందికి మించరు. పన్నెండు దాటితే, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్రయాణీకుల ఓడ కింద లెక్క. అలాటి ఓడకు కట్టుబాట్లు చాలా ఎక్కువ.

మంచి నౌకలను నెలల ముందుగానే, ఒక్కొక్కసారి ఏడాది ముందుగానే మాట్లాడేసుకుంటారు. అయినా చివరికి కొన్ని మిగులుతాయి. ఎవరో ప్రయాణం మానుకుంటారు. ఒక వారానికి అసలు బేరమే తగలదు. అప్పుడు వాటి ధర తగ్గుతుంది.

ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే సంత విడిచే వేళకు వెళ్ళి చూడండి. పొద్దున బెట్టుగా కూర్చున్న తోటకూర అమ్మి, పొద్దు కుంకేసరికి అడిగిన ధరకే కట్టలు చేతిలో పెడుతుంది. తెల్లవారితే కూర వాడిపోతుంది గనక. ఓడలోని వారం కూడా తోటకూరలాటిదే. ఖాళీగా పోయిన వారాన్ని యజమాని దాచిపెట్టి తరవాత అమ్ముకోలేడు. ఓడ తిరిగినా తిరగకపోయినా కళాసుల జీతాలూ, రేవు కిరాయీ, బీమా డబ్బూ చెల్లించవలసిందే. అందుచేత ఇంకా పదిరోజులో, పక్షమో ఉందనగా ధర తగ్గిస్తాడు. ఆగస్టులో అందరికీ సెలవులు గనక ఈ తగ్గింపు అంతగా ఉండదు. మే నెలలోనూ, సెప్టెంబరు ఆఖరులోనూ ఎక్కువ.

అయితే, చవకగా దొరికింది గదా అని ఎగిరి గంతు వెయ్యరాదు. చివరి ఘడియలో బేరమాడేవాడికి వ్యవధి ఉండదు. వ్యవధి లేనివాడు ప్రశ్నలు వెయ్యడు. "ఈ ఓడ ఇంతదాకా ఎందుకు మిగిలిపోయింది?" అన్నదే మొదటి ప్రశ్న. ఎవరో మానుకున్నారంటే సరే. యంత్రం మరమ్మతులో ఉన్నదంటే ఆలోచించాలి. కప్తాను ఈ నీళ్ళలో ఎన్నాళ్ళుగా నడుపుతున్నాడు? కళాసులు నిన్న కుదిరినవాళ్ళా, పాతవాళ్ళా? బీమా ఉందా? పసిపిల్లల కొలతకు సరిపోయే ప్రాణరక్షక చొక్కాలు ఉన్నాయా? ఈ ప్రశ్నలకు జవాబులు రాకముందు డబ్బు పంపరాదు.

డబ్బు సంగతి కూడా వినండి. ముందుగా మాట్లాడుకున్నవారు సగం అద్దె ఒప్పందం నాడూ, మిగతా సగం ప్రయాణానికి నెల రోజుల ముందూ ఇస్తారు. చివరి ఘడియలో వచ్చినవారు మొత్తమంతా ఒక్కసారే ఇవ్వాలి. లేని ఓడ బొమ్మ చూపించి డబ్బు కాజేసే మోసగాళ్ళు కాచుకుని ఉండేది ఇలాటివారి కోసమే. పైగా విలాసనౌకలో అద్దె ఒక్కటే ఖర్చు కాదు. చమురుకూ, తిండికీ, రేవు సుంకాలకూ ముందుగానే కొంత సొమ్ము కప్తాను చేతిలో పెట్టాలి. ఇది మామూలుగా అద్దెలో నాలుగో వంతు నుంచి మూడో వంతుదాకా ఉంటుంది. అంటే అద్దె 100 రూపాయలనుకుంటే, మరొక 30 రూపాయలు సిద్ధంగా ఉండాలి. పన్ను వేరే. ప్రయాణం చివర కప్తాను పద్దు చూపించి, మిగిలింది వాపసు ఇస్తాడు. చాలకపోతే అడిగి పుచ్చుకుంటాడు.

మన దేశంనుంచి వెళ్ళేవారికి మరొక చిక్కు ఉంది. గ్రీసులో అడుగుపెట్టాలంటే షెంగెన్ వీసా కావాలి. అది తేలటానికి మామూలుగా పదిహేను రోజులు పడుతుంది. వీసా చేతిలో లేనివాడు పదిరోజుల్లో బయలుదేరే ఓడను బేరమాడటం, ఆలు లేదు చూలు లేదు అన్న సామెతలాగే ఉంటుంది.

ఓడ ఒప్పందాన్ని ఇంగ్లీషులో "చార్టర్ పార్టీ" అంటారు. ఇది విందూ కాదు, వేడుకా కాదు. పూర్వం లాటిను భాషలో దీన్ని "కార్తా పార్తీతా" అనేవారు. చీల్చిన కాగితం అని అర్థం. ఒకే కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యకు చీల్చి, ఒక ముక్క ఓడవాడూ, మరొక ముక్క బాడుగకు తీసుకున్నవాడూ దాచుకునేవారు. పేచీ వస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసేవారు. అంచులు కలిస్తే కాగితం నిజమైనది, కలవకపోతే దొంగది. ఈనాడు ఎవరూ కాగితం చీల్చరు గాని, చదవకుండా సంతకం పెట్టరాదన్న నీతి మటుకు అలాగే ఉంది.

ఇక ప్రయాణం చూద్దాం. ఏథెన్సు నగరానికి దక్షిణంగా ఆలిమోస్ అనే పెద్ద రేవు ఉంది. అద్దె ఓడలు ఇక్కడ వందలకొద్దీ బారులు తీరి ఉంటాయి. శనివారం సాయంకాలం ఎక్కి, మరుసటి శనివారం పొద్దున దిగటం రివాజు. రేవునుంచి బయటపడితే సారోనిక్ సింధుశాఖ. దీనికి ఒక పక్క ఏథెన్సు నేల, ఎదురుగా పెలొపొనీసస్ ద్వీపకల్పం. చుట్టూ నేల ఉండటంచేత ఇక్కడ గాలి ఉధృతం తక్కువ. పిల్లలున్న కుటుంబాలు ముందుగా ఇక్కడికే పోతాయి.

మొదటి మజిలీ ఈజినా ద్వీపం. రేవునుంచి సుమారు 16 సముద్రపు మైళ్ళు. సముద్రపు మైలు అంటే 1852 మీటర్లు. గంటకు ఒక సముద్రపు మైలు వేగాన్ని "నాట్" అంటారు, అంటే ముడి. పూర్వం నావికులు ముడులు వేసిన తాడును నీళ్ళలోకి వదిలి, ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టి వేగం తెలుసుకునేవారు. తెరచాప ఓడ అయిదారు ముడుల వేగంతో మూడు గంటల్లో ఈజినా చేరుతుంది. ఇక్కడి పిస్తా పప్పుకు మంచి పేరు. కొండ మీద, పైన్ చెట్ల మధ్య ఆఫైయా దేవత గుడి ఉంది. కట్టి 2500 ఏళ్ళు దాటినా చాలా స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి.

రెండో మజిలీ పోరోస్. ద్వీపానికీ నేలకూ మధ్య ఇరుకైన నీటిపాయ. ఓడ అందులోంచి పోతూంటే రెండు ఒడ్డుల మీది ఇళ్ళూ చక్కగా కనిపిస్తాయి. దీని ఎదటి నేలనే పూర్వం ట్రోజెన్ అనే రాజ్యం ఉండేది. దాన్ని సారోన్ అనే రాజు ఏలేవాడట. ఆయనకు వేట అంటే ప్రాణం. ఒకనాడు ఒక లేడిని తరిమాడు. అది సముద్రంలోకి దూకి ఈదసాగింది. రాజు కూడా దూకాడు. "ఇంకొక్క బార, ఇంకొక్క బార" అనుకుంటూ లేడి వెంటే ఈదాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఒడ్డు ఎక్కడో ఉంది. చేతులు ఆడలేదు. అలా ఆ రాజు మునిగిపోయాడు. ఆయన పేరే ఈ సముద్రానికి వచ్చిందని గ్రీకుల కథ.

మూడో మజిలీ హైడ్రా. చెత్త ఎత్తేవాటివంటి ఒకటి రెండు బండ్లు తప్ప, ఈ ద్వీపంలో మోటారు వాహనాలు లేవు. పెట్టె మొయ్యాలన్నా, ఇటుక మొయ్యాలన్నా గాడిదలూ కంచరగాడిదలూ ఉండవలసిందే. 1821లో గ్రీసు స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడి నావికులు తమ ఓడలను యుద్ధానికి ఇచ్చారు. ఇంత పేరున్న హైడ్రాకు రేవు మటుకు చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా నిండిపోతుంది. ఆలస్యంగా వచ్చిన ఓడలు ముందువాటి వెనక వరసలు కడతాయి. తెల్లవారి లంగరు ఎత్తబోతే ఒకరి గొలుసుతో ఒకరి గొలుసు పేనుకుని ఉంటుంది. అప్పుడు రేవంతా కేకలే!

ఈ మూడు దీవులూ చూశాక కొందరు అతిథులకు ఆశ పుడుతుంది. "ఇంత దూరం వచ్చి మికొనోస్ చూడకుండా పోతామా?" అంటారు. మికొనోస్, శాంటోరిని అనేవి తూర్పుగానూ ఆగ్నేయంగానూ, బాహాటమైన ఈజియన్ సముద్రంలో ఉన్నాయి. జూలై, ఆగస్టు నెలల్లో ఆ సముద్రం మీద ఉత్తరంనుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. మనకు గాలివాన వస్తున్నదంటే ముందుగా మబ్బులు కమ్ముతాయి. మెల్తెమికి మబ్బులుండవు. ఆకాశం నీలంగా నిగనిగలాడుతూంటుంది. కింద సముద్రం తెల్లటి నురగతో ఉడుకుతూంటుంది. ఒక్కొక్కప్పుడు వరసగా కొన్ని రోజులపాటు తెరిపి ఇవ్వదు.

గాలిని కొలవటానికి నావికులకు ఒక లెక్క ఉంది. 1805లో బోఫర్ట్ అనే బ్రిటిషు నౌకాధికారి దాన్ని ఏర్పరచాడు. గాలి లేకపోతే సున్నా. ప్రళయంలాటి తుఫానుకు 12. ఆరో నంబరు గాలి గంటకు సుమారు 39 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో వీస్తుంది. మెల్తెమి ఆరునూ, ఏడునూ అందుకోవటం అక్కడ మామూలే. ఏథెన్సునుంచి పోయేటప్పుడు ఆ గాలి వీపు తడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. శుక్రవారం సాయంత్రానికల్లా ఓడ తన రేవుకు చేరాలి. ఇంకొకరు దానికోసం ఎదురు చూస్తూంటారు.

పేచీ వచ్చేది ఇక్కడే. "ఇంత డబ్బు పోశాం. మేం పొమ్మన్నచోటికి పోవా?" అంటాడు అతిథి.

"నేను పోను. పిల్లలున్నారు," అంటాడు కప్తాను.

చూడగా నౌకరు యజమానిని ధిక్కరించినట్టు ఉంటుంది. కాని ఓడవారి ఆచారం అదే. ఎటు పోవాలో అతిథి అడగవచ్చు. పోవచ్చునో పోరాదో చెప్పేది కప్తాను. నేటి ఒప్పందాల్లో ఆ మాట రాసే ఉంటుంది.

అలా ఉండటం ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. 2024 ఆగస్టు 19న ఇటలీలోని సిసిలీ ద్వీపం దగ్గర "బేయీజియన్" అనే విలాసనౌక లంగరు వేసి ఉంది. పొడవు 56 మీటర్లు. తెల్లవారకముందే పెద్ద గాలివాన వచ్చి దాన్ని ముంచేసింది. ఓడలో 22 మంది ఉంటే ఏడుగురు చనిపోయారు. సముద్రం ముందు మెత్తటి పరుపులూ, వెండి కంచాలూ ఎందుకూ పనికిరావు.

శనివారం పొద్దున ఓడ ఆలిమోస్‌లో ఉంటుంది. కప్తాను పద్దు చూపిస్తాడు. అతిథులు కళాసులందరికీ కలిపి ఇనాము ఇవ్వటం ఆచారం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, మికొనోస్ చూపించలేదన్న కోపంతో ఇనాములో కోత పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. కప్తానుకు ఆ సంగతి ముందే తెలుసు. తెలిసే, "పోను" అన్నాడు. ఆయన ఎదటనే పిల్లలు పిస్తా పొట్లాలు పట్టుకుని, ఒక్కొక్కరే చెక్క వంతెన దిగి, గట్టు మీద పరిగెత్తుతూ ఉంటారు.